అటక మీది కేసెట్ గేమ్‌లో ఎవరూ ఆడని ఆటలు: బయటికి తీసి ఆడటం ఎలా

పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా మనవాళ్ళు నన్ను తరచూ అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది: "అటక మీద పాత కేసెట్ వీడియో గేమ్ దొరికింది, కొత్త టీవీకి ఎలా పెట్టాలి?" పెట్టాక వారం తిరక్కుండానే రెండోది: "మారియో అయిపోయింది, కాంట్రా అయిపోయింది. ఇంక ఇందులో ఏముంది?"

చాలా ఉంది. మెనూలో రెండో పేజీ, మూడో పేజీలో ఉన్న ఆటల్ని మనం చిన్నప్పుడు అర నిమిషం చూసి రీసెట్ కొట్టేశాం. అవి బాగాలేక కాదు, ఎలా ఆడాలో చెప్పేవాళ్ళు లేక. కేసెట్‌తో పాటు పుస్తకం రాలేదు, దుకాణదారుకీ తెలియదు. ఒక్కో ఆటకూ ఒక్క సూత్రం తెలిస్తే చాలు, గంటలు కూర్చోబెట్టే ఆటలివి. ఆ సూత్రాలు కింద రాశాను. ముందు పెట్టెను ఆన్ చేద్దాం.

ఒక్క సంగతి తెలిసుంటే మిగతాదంతా సులువు. మీ పెట్టె మీద ఏ పేరున్నా, లోపల ఉన్నది చాలావరకు నింటెండో కంపెనీ 1983 జులై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెకు నకలే. దాని కేసెట్‌కు 60 పిన్నులు. అదే కంపెనీ అమెరికాలో అమ్మిన ఎన్‌ఈఎస్ పెట్టె కేసెట్‌కు 72 పిన్నులు, అది మన పెట్టెలో దూరదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ తేడా చూసుకోండి. ఇక 1983 నుంచి 1985 వరకు వచ్చిన తొలి ఆటల్లో చాలావాటి సైజు 24 నుంచి 40 కిలోబైట్లే. ఒక్క కేసెట్‌లో ఎక్కువ ఆటలు ఇరికించాలంటే నకిలీ కేసెట్లు చేసేవాళ్ళకు అవే వీలు. అందుకే జపాన్ దాటి పెద్దగా వెళ్ళని ఆటలు కూడా మన సంతలకూ జాతరలకూ వచ్చేశాయి.

కావలసినవి

పెట్టె, రిమోట్లు, కేసెట్టు. 9 వోల్టుల డీసీ అడాప్టర్. పసుపు, తెలుపు పిన్నులున్న ఏవీ తీగ. తెల్లటి పెన్సిల్ రబ్బరు, చెవి పుల్లలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా. ఒక నోటు పుస్తకం. మల్టీమీటర్ ఉంటే మేలు. లేకపోతే వీధి చివరి టీవీ మెకానిక్ దగ్గర తప్పకుండా ఉంటుంది.

1. కరెంటు ఇవ్వకముందే చూడండి

పెట్టెను చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. లోపల ఏదైనా గలగలమంటే ఊడిన స్క్రూ కావచ్చు, అది బోర్డు మీద పడితే షార్టవుతుంది. కింది స్క్రూలు విప్పి చూడండి. మన కొండ ప్రాంతపు వానాకాలం తేమకు అటక మీది సామాను ఏమవుతుందో మీకు తెలిసిందే: పచ్చటి పొర, తుప్పు, బొద్దింక గుడ్లు. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. తడి గుడ్డ వాడొద్దు.

బోర్డు మీద నల్లటి బొట్టులా అతికించిన ముద్ద కనిపిస్తుంది. అసలు చిప్ దాని కిందే ఉంటుంది. దాన్ని గీకొద్దు, వేడి చేయొద్దు. అది పోతే బాగుచేయడం కుదరదు.

2. అడాప్టర్ విషయంలో తొందర వద్దు

పెట్టెలు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇంట్లో మూల పడున్న సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని పెట్టేస్తారు. అది సాధారణంగా 12 వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. ఈ గేమ్ పెట్టెల్లో చాలావాటికి మధ్య పిన్ను నెగటివ్. కొన్నింటికి తిరగేసి ఉంటుంది. పెట్టె వెనక సాకెట్ పక్కన ఒక చుక్క, దాని చుట్టూ విరిగిన వలయం, రెండు పక్కలా ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న బొమ్మ ఉంటుంది. అడాప్టర్ మీద కూడా అదే బొమ్మ. రెండూ ఒకేలా ఉంటేనే పెట్టండి. బొమ్మ అరిగిపోయి కనబడకపోతే మెకానిక్‌కి చూపించండి, ఊహించి పెట్టకండి.

పాత బరువైన అడాప్టర్‌ను మీటర్‌తో చూస్తే 9 బదులు 12, 13 వోల్టులు చూపిస్తుంది. పెట్టెకు తగిలించకుండా కొలిచారు కాబట్టి అలా వస్తుంది, భయపడక్కర్లేదు. అసలు 12 వోల్టుల కొత్త అడాప్టర్ పెడితే మాత్రం లోపలున్న 7805 రెగ్యులేటర్ మీద భారం పడుతుంది. దాని పని వచ్చిన వోల్టేజీని 5కి దించడం. మిగిలినదంతా వేడిగా బయటికి పోవాలి. అరగంట ఆడాక పెట్టె వెనక భాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఆపేయండి. ఈ రెగ్యులేటర్ చవకైన భాగం, ఏ రేడియో రిపేరు దుకాణంలోనైనా దొరుకుతుంది. జయపురంలోనో బరంపురంలోనో ఒడియా కుర్రాడి కొట్టుకు వెళ్తే "భాయినా, 7805 ఉందా?" అంటే చాలు, తీసి ఇస్తాడు.

3. కేసెట్ కాళ్ళు (పిన్నులు) తుడవండి

నోటితో ఊదే అలవాటు మానేయండి. ఊదిన ప్రతిసారీ ఉమ్మి తేమ రాగి మీద చేరి పచ్చగా పట్టేస్తుంది. ఊదాక ఆట నడుస్తుంది నిజమే, కానీ కేసెట్‌ను తీసి మళ్ళీ పెట్టడంతో కాళ్ళు కొత్తచోట ఆనుతాయి, నడవడానికి అసలు కారణం అదే.

తెల్ల రబ్బరుతో కేసెట్ కాళ్ళను పైనుంచి కిందికి, ఒకే దిశలో, మెల్లగా రుద్దండి. అడ్డంగా రుద్దితే రాగి పూత లేచిపోతుంది. రబ్బరు పొడి దులిపేసి, చెవి పుల్లను ఆల్కహాల్‌లో ముంచి తుడవండి. పుల్ల నల్లబడకుండా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. రెండో వైపు కూడా కాళ్ళుంటాయి, మరిచిపోవద్దు. పది నిమిషాలు ఆరనివ్వండి. పెట్రోలు, థిన్నర్, సెంటు సీసా, ఇవేవీ వద్దు. ప్లాస్టిక్ కరుగుతుంది లేదా జిగురు మిగులుతుంది.

4. టీవీకి కలపడం

ఏవీ తీగ ఉంటే అదే వాడండి. పసుపు బొమ్మకు, తెలుపు శబ్దానికి. కొత్త ఎల్‌ఈడీ టీవీల్లో పసుపు సాకెట్ విడిగా లేకపోతే కంగారుపడొద్దు. చాలా టీవీల్లో ఆకుపచ్చ సాకెట్టే పసుపు పిన్నుకు కూడా పనిచేస్తుంది, దాని చుట్టూ పసుపు రంగు వలయం కనిపిస్తుంది. కొన్నింటికి చిన్న ఇయర్‌ఫోన్ లాంటి రంధ్రం, దానికి వేరే తీగ. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న టీవీ అయితే ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొనాలి. దానికి యూఎస్‌బీ కరెంటు ఇవ్వడం తప్పనిసరి.

పెట్టెకు యాంటెన్నా తీగ ఒక్కటే ఉంటే: కేసెట్ పెట్టి, పెట్టె ఆన్‌లో ఉంచి, అప్పుడు టీవీలో అనలాగ్ ఛానళ్ళు వెతకండి. డిజిటల్ సెర్చ్‌లో ఇది దొరకదు. పెట్టె ఆపి ఉంచి వెతికితే ఎంతసేపైనా దొరకదు.

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే పెట్టె పాడైందనుకోవద్దు. టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉంటుంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని అందులో కనిపించేవి రంగు పద్ధతుల పేర్లు. పాల్ నుంచి ఆటో లేదా ఎన్‌టీఎస్‌సీకి మార్చండి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే పెట్టండి. బటన్ నొక్కిన తర్వాత బొమ్మ కదలడంలో ఆలస్యం తగ్గుతుంది.

తుపాకీతో ఆడే ఆటల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డక్ హంట్, హోగన్స్ ఆలీ ఎల్‌ఈడీ టీవీ మీద పనిచేయవు. ఆ తుపాకీ పాత డబ్బా టీవీ తెర వెలిగే తీరును, సమయాన్ని బట్టి గురి పట్టుకుంటుంది. కొత్త తుపాకీ కొని డబ్బు పోగొట్టుకోకండి. పాత టీవీ ఉంటే దాన్ని దాచుకోండి.

5. ఆన్ చేసి ఫలితం చూడండి

కేసెట్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి.

తెర మొత్తం ఒకే రంగులో నిలిచిపోతే పెట్టె కేసెట్‌ను చదవడం లేదు. మళ్ళీ 3వ మెట్టుకు వెళ్ళండి. పాట సరిగ్గా వస్తోంది, ఆట నడుస్తోంది, బొమ్మలు మాత్రం ముక్కలుగా చెదిరి ఉన్నాయి అంటే మంచి సూచనే. ఆట లెక్కలకు కొన్ని పిన్నులు, బొమ్మలకు వేరే పిన్నులు ఉంటాయి. బొమ్మల వైపు పిన్నుల్లోనే మురికి మిగిలింది, ఇంకోసారి తుడిస్తే చాలు. వేరే కేసెట్ పెట్టి చూసి, అదీ అలాగే ఉంటే లోపం పెట్టె సాకెట్‌లో ఉంది.

ఆన్‌లైన్ వీడియోల్లో కన్నా మీ ఆట నెమ్మదిగా ఉందనిపిస్తే అది లోపం కాదు. జపాన్ పెట్టె సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది, పాల్ టీవీల కోసం చేసిన పెట్టె 50 చూపిస్తుంది.

రిమోట్‌లో ఒక బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకకపోతే, విప్పి రబ్బరు మెత్త కింది నల్ల చుక్కను పొడి గుడ్డతో ఒక్కసారి అద్దండి. గట్టిగా రుద్దితే ఆ నలుపు పోతుంది, దానితో బటన్ కూడా.

6. మెనూను గాలించండి

కేసెట్ మీద 9999999 అని ఉన్నా లోపలున్నవి అన్ని కావు. అవే ఆటల్ని దశ మార్చి, ప్రాణాలు పెంచి, పేరు మార్చి మళ్ళీ మళ్ళీ వరుసలో పెడతారు. నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి: నంబరు, మెనూలో పేరు, తెర మీద కనిపించింది.

ముందు 1వ ఆటను ఆడి నేపథ్యం, పాట గుర్తుపెట్టుకోండి. ఇక కిందికి వెళ్తూ అదే ఆట మళ్ళీ ఎక్కడ వచ్చిందో చూడండి. దాని తర్వాతి రెండు మూడు ఆటలు కూడా 2, 3, 4లతో కలిస్తే మీ కేసెట్‌లో ఉన్న అసలు ఆటలు అంతవరకే. ఎడమ, కుడి బాణాలు సాధారణంగా పేజీ మొత్తం దాటిస్తాయి, కాబట్టి చేతులు నొప్పి పుట్టవు. కొన్ని చిన్న కేసెట్లలో మెనూయే ఉండదు, రీసెట్ నొక్కినప్పుడల్లా తర్వాతి ఆట వస్తుంది.

పేర్లను నమ్మొద్దు. మెనూ పేరు వేరు, ఆట వేరు. మొదటి తెర మీది కంపెనీ పేరు, సంవత్సరం కూడా చెరిపేసి ఉంటాయి. బొమ్మను చూసే గుర్తుపట్టాలి. అందుకే కింద ప్రతి ఆటకూ ఆనవాలు ముందు చెప్పాను.

7. ఇక ఆడండి

బైనరీ ల్యాండ్. హడ్సన్ సాఫ్ట్ 1985లో ఫ్యామికామ్‌కు తెచ్చింది. ఆనవాలు: తెర కింద రెండు పెంగ్విన్లు, పైన మధ్యలో బోనులో గుండె బొమ్మ, చుట్టూ గోడలు. మన పిల్లలు దీన్ని వదిలేయడానికి కారణం ఒకటే, ఒక పెంగ్విన్‌ను నడిపిస్తుంటే రెండోది ఎటో పోతుంది. ఆట అంతా అదే. మీరు కుడికి నొక్కితే ఒకటి కుడికి, రెండోది ఎడమకు. పైకీ కిందికీ మాత్రం కలిసే వెళ్తాయి. అద్దం ముందు నిలబడి నడుస్తున్నట్టు ఉంటుంది. రెండూ ఒకేసారి గుండెకు చెరో పక్కా చేరాలి.

రెండు వైపులా గోడలు ఒకేలా ఉండవు. కాబట్టి రెంటినీ జతగా నడపాలని ప్రయత్నించకండి. ఒకదాన్ని గోడకు ఆనించేయండి. అది కదలదు. అప్పుడు అదే బాణం నొక్కి రెండోదాన్ని కావలసినన్ని అడుగులు జరపండి. ఒకటి ఒక వరుస కింద మిగిలిపోతే, పైదాన్ని అడ్డుగోడ కిందికి చేర్చి, పైకి నొక్కండి; కిందిది ఎక్కుతుంది, పైది అక్కడే ఉంటుంది. ఈ ఒక్క పని చేతికి వస్తే మొదటి దశలన్నీ దాటిపోతారు. సాలీడు గూడులో ఒకటి చిక్కుకుంటే అది తనంతట తాను బయటికి రాలేదు. రెండోది వచ్చి బటన్‌తో మందు కొట్టి విడిపించాలి. రెండూ చిక్కుకుంటే ఒక ప్రాణం పోతుంది, అందుకే ఒకదాని దారి ఎప్పుడూ గూళ్ళు లేకుండా చూసుకోండి. సరిగ్గా ఆడుతున్నారో లేదో తెలుసుకోవాలంటే, గుండె దగ్గరికి వచ్చాక రెండూ ఒకే వరుసలో నిలబడ్డాయా అని చూడండి. ఒకటి ముందు చేరి ఎదురుచూస్తుంటే మీ లెక్క ఇంకా కుదరలేదు.

డోర్ డోర్. కోయిచి నకమురా చేసిన ఆట, ఎనిక్స్ 1985లో ఫ్యామికామ్‌కు విడుదల చేసింది. ఆ మరుసటి ఏడాది డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటకు పనిచేసిన మనిషే ఇతను. ఆనవాలు: అంతస్తులు, నిచ్చెనలు, అక్కడక్కడా తలుపులు, టోపీ పెట్టుకున్న గుండ్రటి బుడతడు. వాడి దగ్గర ఆయుధం లేదు. "కొట్టడానికి ఏమీ లేదు" అని తీసేసిన ఆట ఇది. శత్రువుల్ని తలుపు లోపల పెట్టి మూయడమే ఇక్కడ ఆట. తలుపు పిడి ఉన్న వైపు నుంచి దాటితే తెరుచుకుంటుంది. వ్యతిరేక దిశలో దాటితే మూసుకుంటుంది. పిడి ఎటుందో చూడకుండా పరిగెత్తడమే అందరూ చేసే తప్పు. ఒక్కొక్కరినీ బంధించకండి. అందర్నీ మీ వెనక వరుసగా తిప్పుకుని, ఒకే తలుపులోకి పంపి మూయండి, పాయింట్లు బాగా పెరుగుతాయి. ఎంత దగ్గరగా రానివ్వాలి, ఎప్పుడు వాళ్ళ మీంచి దూకాలి అన్న లెక్కలో ఉన్న ఉత్కంఠ నాకు తుపాకీ ఆటల్లో కూడా దొరకలేదు.

క్లూ క్లూ ల్యాండ్. నింటెండో, 1984. ఆనవాలు: తెర నిండా వరుసగా చిన్న స్తంభాలు, ఒక గుండ్రటి చేప. ఇది ఆగదు. రిమోట్ పాడైందని చాలామంది అనుకునేది ఈ ఆటతోనే. బాణం నొక్కితే అది చెయ్యి చాపుతుంది, స్తంభం అందితే దాని చుట్టూ తిరుగుతుంది, వదిలితే అప్పుడు ఎటు ముఖం ఉంటే అటు దూసుకుపోతుంది. స్తంభాల మధ్య దాగిన బంగారు కడ్డీలు మీదుగా వెళ్తే బయటపడతాయి. కడ్డీలు కలిసి ఒక బొమ్మ అవుతాయి. రెండు కడ్డీలు కనబడగానే మిగతా బొమ్మ ఊహించడం మొదలుపెట్టండి. చాలా బొమ్మలు రెండు పక్కలా సమానంగా ఉంటాయి.

లోడ్ రన్నర్. ఫ్యామికామ్‌కు హడ్సన్ సాఫ్ట్ 1984లో తెచ్చింది. జపాన్‌లో పది లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఆట, మన దగ్గర మాత్రం దూకలేకపోతున్నాడని పక్కన పెట్టేశారు. ఇందులో దూకడం లేదు. ఒక బటన్ ఎడమ పక్క ఇటుకను, రెండోది కుడి పక్క ఇటుకను తవ్వుతుంది. శత్రువు గుంతలో పడ్డాక వాడి తల మీంచే నడిచి వెళ్ళవచ్చు. బంగారం అంతా తీసినా నిచ్చెన రాకపోతే ఎవడో శత్రువు ఒక మూట పట్టుకు తిరుగుతున్నాడని అర్థం. వాణ్ణి గుంతలో పడేయండి, మూట వదిలేస్తాడు. మొదటి తెర మీద ఎడిట్ అన్న మాట ఉంటే మీరే దశలు కట్టుకోవచ్చు. కరెంటు తీస్తే పోతాయి కాబట్టి ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి.

డెవిల్ వరల్డ్. నింటెండోనే, 1984. ఉత్తర అమెరికాలో ఎన్‌ఈఎస్ కోసం విడుదల చేయలేదు. ఆనవాలు: చుక్కల దారులు, పైన రెండు చేతులూ ఊపే దెయ్యం. ప్యాక్‌మాన్ అనుకుని చుక్కలు తినబోతే తినలేం, దాంతో వదిలేస్తాం. ముందు శిలువ తీసుకోవాలి, అది ఉన్నంతసేపే చుక్కలు తినగలం, నిప్పు ఊదగలం. దెయ్యం ఎటు చూపిస్తే దారులన్నీ అటు జరుగుతాయి. గోడకూ తెర అంచుకూ మధ్య చిక్కుకుంటే నలిగిపోతారు, కాబట్టి శత్రువుల కన్నా దెయ్యం చేతి మీదే కన్నుంచండి. ఇద్దరు కలిసి ఒకేసారి ఆడొచ్చు, ఇంట్లో అన్నదమ్ములుంటే మొదట ఇదే పెట్టండి.

ఇవి దొరక్కపోతే నట్స్ అండ్ మిల్క్ చూడండి. పళ్ళన్నీ ఏరితేనే ఇంటి తలుపు తెరుచుకుంటుంది, ఇందులోనూ దశలు కట్టుకునే వీలుంది. ఫార్మేషన్ జెడ్‌లో మరమనిషి విమానంగా మారతాడు. సముద్రం వచ్చేలోగా మారాలి, విమానంగా ఉన్నంతసేపూ ఇంధనం ఖర్చవుతుంది కాబట్టి నేల మీద నడవడమే మేలు. ఫీల్డ్ కంబాట్‌లో శత్రువుల్ని పట్టుకుని మీ తరఫున వదలవచ్చు. అది తెలియకే అది మామూలు కాల్పుల ఆట అనిపిస్తుంది.

8. ఆగిపోయినప్పుడు

ఆట మధ్యలో మెనూకి వచ్చేస్తుంటే ముందు అడాప్టర్ పిన్ను వదులుగా ఉందేమో చూడండి. తర్వాత వోల్టేజీ, సాయంత్రం లైట్లు మసకబారే వేళల్లో ఇలా అవుతుంటే స్టెబిలైజర్ నుంచి ఇవ్వండి.

పాత్ర తనంతట తాను ఒక పక్కకే పోతుంటే రిమోట్‌లో లోపం ఉండొచ్చు. రెండో రిమోట్‌ను మొదటి సాకెట్‌లో పెట్టి చూడండి, బాగుంటే లోపం రిమోట్‌దే. టర్బో బటన్లు మాత్రం లోడ్ రన్నర్‌లో, డోర్ డోర్‌లో ముట్టుకోవద్దు, ఒక్క నొక్కుకు నాలుగు నొక్కులై లెక్క తప్పుతుంది.

మీకు దొరికిన మంచి ఆటల నంబర్లు చిన్న కాగితం మీద రాసి కేసెట్ వెనక అతికించండి.  వానలు మొదలయ్యేలోగా పెట్టెనూ కేసెట్లనూ మూత గట్టిగా పడే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, అటక మీద కాకుండా బీరువాలో పెట్టండి.